శ్రీహరికోట అడవిలో పచ్చజిట్ట ఈల

నేను శ్రీహరికోట వెళ్లింది అడవి చూడాలనో, పిట్టల్ని చూడాలనో కాదు. మా అక్క సుగుణను నెల్లూరికి పిలుచుకు రావడానికి. నేను నెల్లూరులో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. పగలంతా అక్షరాల మీద కళ్లు పెట్టుకొని కూర్చునే నాకు పిచ్చుకకూ గోరింకకూ తేడా తెలిస్తే అదే ఎక్కువ. అక్క పెళ్లికి ముందు మిషన్ బడిలో పంతులమ్మగా పనిచేసింది. మా బావ యోహాను శ్రీహరికోటలో ఒక కట్టెల కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ కావడంతో, పెళ్లయ్యాక ఉద్యోగం మానుకొని ఆయనతో ఆ దీవికి వెళ్లిపోయింది. మొన్న జూలైలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక బడి పెద్దమ్మగారు మా అమ్మను పక్కకు పిలిచి, ఒక పంతులమ్మ మానేసిందనీ, సుగుణ వస్తానంటే ఆ చోటు ఆమెదేననీ, కాకపోతే త్వరగా చెప్పాలనీ అన్నారు. అటు వెళ్లేవాళ్లతో అమ్మ రెండుసార్లు కబురు చేసింది. రెండుసార్లూ “తర్వాత చూద్దాం” అనే జవాబు వచ్చింది. “మీ బావ పంపడం లేదురా శామ్యూలూ. నువ్వే పోయి పిలుచుకొని రా” అని అమ్మ నా వెంటపడింది. నాకూ అదే అనుమానం. అచ్చాఫీసులో నాలుగు రోజులు సెలవు అడిగి, శుక్రవారం తెల్లవారుజామున మద్రాసు వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కాను.

ఆ బండి ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది. గూడూరులో ఇంజను నీళ్లు పట్టుకునేంతసేపు నింపాదిగా కూర్చుని ఇడ్లీ తినవచ్చు. సూళ్లూరుపేటలో దిగేసరికి ఎండ ముదిరింది. స్టేషను బయటే జట్కాలు ఉంటాయి. సరస్సు గట్టుదాకా రూపాయిన్నర అడుగుతారు. ఇద్దరు ముగ్గురు కలిస్తే పంచుకోవచ్చు. దారి పొడవునా రెండు పక్కలా పొలాలు, అవి అయిపోయాక ఉప్పుపేరిన నేల. జట్కా గంటకు పైగానే నడిచింది. గట్టు మీద తాటాకుల పాక ఒకటి ఉంది. అందులో ఒక నడివయసు ఆవిడ పడవలవాళ్లకు వండిపెడుతుంది. నేను వెళ్లేసరికి రొయ్యలు వేపుతోంది. “కూసో నాయనా, ఎసరు మరగతా ఉండాది. గాలి తిరిగేలోపల తినేసి పో” అంది. ఆకులో వేడి అన్నం, రొయ్యల వేపుడు, చింతపండు చారు పెట్టింది. నా చేతిలో మంచినీళ్ల కూజా లేదని చూసి, “దీవిలో బావి నీళ్లు దొరికేదాకా యాడా నీళ్లు లేవు. ఈ ముంత తీసుకొని పో, వచ్చేటప్పుడు ఇచ్చిపో” అని ఒక మట్టిముంత నిండా నీళ్లు పోసి ఇచ్చింది. ఆ ముంత లేకపోతే నా పని ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గొంతు ఎండుతుంది.

పులికాట్ సరస్సు జూలైలో నిండుగా ఉండదు. నిరుటి వానల నీళ్లు చాలావరకు ఇంకిపోయి, లోతున్న చోట మాత్రమే పడవ తేలుతుంది. పడవ నడిపిన ఎల్లయ్య తెరచాప ఎత్తి కొంతదూరం, గడ వేసి కొంతదూరం తీసుకెళ్లాడు. చాలా లోపలికి వెళ్లాక పడవ అడుగు నేలకు రాసుకొని ఆగింది. అక్కణ్ణించి దీవి అంచు దాకా మోకాలి లోతు బురదలో నడక. చెప్పులు చేత్తో పట్టుకొని, పంచె పైకి కట్టుకొని దిగాను. ఎల్లయ్య నా సంచి నెత్తిన పెట్టుకొని ముందు నడిచాడు.

“ఎవురింటికన్నావు? యోహాను మేస్త్రీ ఇంటికా?” అని అడిగాడు.

“అవునన్నా, మా బావే.”

“మంచాయనే. కానీ ఈ మధ్య ఏమో అయినట్టుండాది. ఒక పక్క చెట్లు కొట్టనీకుండా ఆపేసినాడు. మద్రాసుకు కట్టెలు మోసే పడవలు కాలవలో ఊరికే నిలబడి ఉండాయి. కాంట్రాక్టరు మనిషి సోమవారం వస్తాడంట, అడగతానికి.”

“ఎందుకు ఆపాడు?”

“ఎవురికి తెలుసు? పుట్ట ఉండాదని ఒకరంటారు, గాలి సోకిందని ఒకరంటారు. నువ్వే అడుగు, నాకూ చెప్పు.”

పెళ్లాన్ని కదలనివ్వని మనిషి, పనివాళ్లను కూడా ఆపేశాడంటే బుర్ర సరిగ్గా ఉన్నట్టు లేదనుకున్నాను. అక్కను ఎలాగైనా వెంట తీసుకెళ్లిపోవాలని అప్పుడే గట్టిగా నిర్ణయించుకున్నాను.

దీవి లోపలికి వెళ్లేకొద్దీ నేను ఊహించుకున్నదానికి పొంతన లేకుండా పోయింది. అవతల సముద్రం, ఇవతల ఉప్పుసరస్సు, మధ్యలో ఎండ నేల మీద పడనంత దట్టమైన అడవి. నేరేడు, పాల, బలుసు చెట్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు పెరిగి ఉన్నాయి. వాటి మధ్య పేము తీగలు ముళ్లతో అల్లుకొని ఉన్నాయి. మన తీరంలో సరుగుడు తోపులు తప్ప చూడనివాడికి ఇది వేరే దేశంలాగే ఉంటుంది. కట్టెలు కొట్టిన చోట మాత్రం ఖాళీ చేసిన మైదానం, మొద్దులు, ఎండుతున్న కొమ్మల వాసన. ఆ మైదానం అంచున మా బావ పూరిల్లు. ఇంటి వెనక ముక్కాలిపీట వేసుకొని, అడవి వైపు తిరిగి అక్క కూర్చుని ఉంది.

“అక్కా!” అని పిలిచాను. తిరగలేదు. దగ్గరికి వచ్చి మళ్లీ పిలిచాను. తిరగలేదు. కబురు మీద కబురు పంపి విసిగించామని కోపంగా ఉందేమో అనుకొని ఎదుటికి వెళ్లి నిలబడ్డాను. ఉలిక్కిపడి లేచింది. తర్వాత నా చేతులు రెండూ పట్టుకొని, “ఎప్పుడొచ్చినావురా? ఎట్లా వచ్చినావు? అమ్మ బాగుండాదా?” అని ఒక్క గుక్కలో అడిగింది. చిక్కిపోయింది కానీ ముఖం తేటగా ఉంది. అంతకుముందు చలికాలంలో ఆమెకు పెద్ద జ్వరం వచ్చి తగ్గిందని విన్నాం. అంతకుమించి మాకు తెలియదు.

సాయంత్రం బావ వచ్చాక, ముగ్గురం అన్నం దగ్గర కూర్చున్నప్పుడు బడి సంగతి చెప్పాను. బావ అడ్డం పడితే ఏం మాట్లాడాలో దారిలో అంతా కూర్చుకొని వచ్చాను. అవేవీ అక్కర్లేకపోయాయి.

“నేనూ అదే చెప్తా ఉండానయ్యా, కబురొచ్చిన కాడినించి” అన్నాడు బావ. “ఈ కూపులో చెట్లు కొట్టే పని అయిపోతే నేనూ నెల్లూరు వచ్చేసేవాణ్ణే. ముందు నువ్వు పో అంటే వినదు. మీ అక్కనే అడుగు.”

అక్క అన్నం కలుపుతూ తల ఎత్తలేదు. “అక్కా, ఏమంటావు?” అని గట్టిగా అడిగితే, “గూడు సంగతి తేలనీ. పిల్లలు ఎగిరిపోయినాక చూద్దాం” అంది.

“ఏ పిల్లలు?”

బావ నవ్వలేదు. “పచ్చజిట్ట పిల్లలు. ఇంటెనక బలుసు చెట్టులో గూడు పెట్టినాయి. ఆ పక్కన చెట్లు కొట్టిస్తే అది పోతాదని ఆపినాను. మీ అక్క నన్ను అడిగింది ఇదొక్కటే కదా, ఇక్కడికొచ్చినాక.”

పడవవాడికి చెప్పవలసిన జవాబు అదన్నమాట. నాకు కోపం వచ్చింది. పిట్టగూడు కోసం పెద్దమ్మగారిని ఆగమని చెప్పమంటావా అని అరిచాను. చేయి కడుక్కొని లేచిపోయాను.

మర్నాడు ఉదయం అక్కే నన్ను లేపింది. “తిట్టేవాడివి, చూసి తిట్టు” అంది. ఇంటి వెనక నుంచి చెట్ల వరకు గడ్డి అణగి సన్నని కాలిబాట పడి ఉంది. రోజూ ఆమె నడిచి నడిచి పడిన బాట. దాని చివర, తలకంటే కొంచెం ఎత్తులో, బలుసు కొమ్మ రెండుగా చీలిన చోట ఆ గూడు ఉంది. నిమ్మకాయ ఒకటి పట్టేంత చిన్న గిన్నె. సన్నటి గడ్డిపోచలతో అల్లి, పైనంతా సాలెగూటి దారాలతో పూసి నున్నగా చేశాయి. దూరం నుంచి చూస్తే కొమ్మకు బూజు పట్టిందనుకుంటాం. పెట్ట ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోతుంది. పోతు మాత్రం నల్లటి వీపు, పసుపు రొమ్ము, రెక్కల మీద తెల్లటి గీతలతో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గుడ్ల మీద రెండూ వంతులు వేసుకొని కూర్చున్నాయట. పిల్లలు వచ్చాక రెండూ మేత తెస్తున్నాయి. ఆకుల అడుగున తలకిందులుగా వేలాడి పచ్చపురుగుల్ని ఏరుకొచ్చి, ముక్కుతో నలిపి మెత్తగా చేసి నోట్లో పెడుతున్నాయి. నేను దాదాపు పూట గడిచేదాకా అక్కడే నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో అడగకండి. రాత్రి కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

ఒకసారి పోతు కొమ్మ చివర నుంచి నిట్టనిలువుగా పైకి లేచింది. గాలిలో ఈకలన్నీ ఉబ్బించుకొని గుండ్రని బంతిలా అయిపోయి, మెల్లగా తిరుగుతూ మళ్లీ కొమ్మ మీదికి దిగింది. దిగుతూ పొడుగ్గా, సన్నగా ఒక ఈల వేసింది. చివర చటుక్కున తెగి కిందికి జారే ఈల. చెవికి అంత దగ్గరగా అంత చిన్న పిట్ట అంత పెద్ద చప్పుడు చేస్తుందని నేను అనుకోలేదు.

అక్క నా భుజం పట్టుకుంది. “గొంతు ఉబ్బింది చూడు. ఇప్పుడు అరిచిందా?”

హాస్యమాడుతోందనుకున్నాను. “అరవడమేంటి, చెవులు చిల్లులు పడిపోతుంటే!”

“నిజంగా అరిచిందా?” అని మళ్లీ అడిగింది. కళ్లు నా ముఖం మీద నుంచి కదలలేదు. అప్పుడు, నిన్న పిలిస్తే తిరగకపోవడం, నేను ఎదుటికి వచ్చాక ఉలిక్కిపడడం, మాట్లాడుతుంటే పెదవుల వంకే చూడడం, అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి.

“ఎన్నాళ్లనించి అక్కా?”

“జ్వరం తగ్గినాక. అంతా పోలేదురా. మీ బావ మాట వినపడతాది, నీ మాట కొంచెం వినపడతాది. సన్నగొంతులే వినపడవు. పిల్లల గొంతులు అసలు వినపడవు. కూలోళ్ల పిల్లలు ఇంటికి వస్తా ఉంటారు. ఏదో అడగతారు. నేను ఇంకేదో చెప్తాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుకుంటారు. ఇక తరగతి నిండా పిల్లలుంటే? పంతులమ్మకు చెవుడని అమ్మకు చెప్తే తట్టుకుంటాదా?”

“బావకు తెలుసా?”

“తెలుసు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. అందుకే తనే నన్ను పంపడం లేదని మీరనుకుంటున్నా నోరు మెదపలేదు.”

నాకు సిగ్గేసింది. ఆ పిట్ట ఈలను నా నోటితో, గొంతు బాగా దించి, లావుగా వేశాను. సరిగ్గా రాలేదు. రెండోసారి, మూడోసారి వేశాను. మూడోసారి అక్క ముఖం విచ్చుకుంది. “ఇట్లా ఉంటాదా? చివర్లో ఇట్లా జారతాదా?” అని అడిగి, తనే నెమ్మదిగా ఈల వేయబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని ఆమె చాలాసేపు ఏడ్చింది.

ఆదివారం ఉదయం ఇంట్లోనే ప్రార్థన చేసుకొని చెట్ల దగ్గరికి వెళ్లాం. గూడు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. లోపల ఏమీ లేదు. కొంచెం అవతల పొదలో ఎర్రటి రెక్కల జెముడుకాకి ఒకటి బరువుగా గెంతుతూ లోపలికి పోయింది. పచ్చజిట్టలు రెండూ దాని తల మీదుగా ఎగురుతూ, వెనక్కి వస్తూ, మళ్లీ దాని మీదికి పోతూ ఉన్నాయి. వాటి అరుపు నేను విన్నాను. అక్క వినలేదు, కానీ చూసింది. తర్వాత తల దించి, తన కాళ్ల కింద ఉన్న బాటను చూసింది.

“నేను నడిచిన దారేరా. నేరుగా చెట్టు కిందికి తెచ్చి వదిలినట్టుండాది.”

బావ వెనకనుంచి వచ్చాడు. ఆయన అడవిలో చాలా ఏళ్లు పనిచేసినవాడు. “దానికి దారి ఎవరూ చూపించక్కర్లేదు సుగుణా. అది పుట్టిందే గూళ్లు వెతకతానికి” అన్నాడు. ఆయన మాటే నిజం కావచ్చు. అక్క చెప్పిందీ నిజం కావచ్చు. ఇప్పటికీ నేను తేల్చుకోలేను. ఆ రోజంతా ఆమె ఇంటి వెనక్కి వెళ్లలేదు. బావ కూడా చెట్ల సంగతి ఎత్తలేదు. మర్నాడు కాంట్రాక్టరు మనిషి వస్తాడని ముగ్గురికీ తెలుసు.

సోమవారం ఉదయం నేను ప్రయాణానికి సంచి సర్దుకుంటుంటే అక్క లోపలికి వచ్చి, “చప్పుడు చెయ్యకుండా రా” అంది. ఈసారి బాట మీద నడవలేదు. చాలా దూరంలో ఒక నేరేడు చెట్టుకు ఆనుకొని నిలబడ్డాం. ఆకుపచ్చ పెట్ట ఆ ఒరిగిన గూటి దగ్గరికి వచ్చి వాలింది. పిల్లల్ని వెతుకుతోందనుకున్నాను. కాదు. గూటి పైనున్న సాలెదారాన్ని ముక్కుతో పట్టి లాగింది. కాలు తన్నిపెట్టి ఇంకా లాగింది. దారం సాగి సాగి తెగింది. దాన్ని ముక్కుకు చుట్టుకొని మైదానం దాటి, వాగు గుంట అవతలి అడవిలోకి పోయింది. కాసేపటికి మళ్లీ వచ్చి మళ్లీ లాగింది. పోతు అవతలి వైపు నుంచి ఈల వేసింది. “అటునించి అరుస్తోంది” అని చేత్తో చూపించాను. అక్క తల ఊపింది.

కాంట్రాక్టరు మనిషి రాకముందే బావ గొడ్డళ్ల వాళ్లను వెంటబెట్టుకొని వచ్చి దూరంగా ఆగాడు. ఇంకో వారం ఆగమన్నా ఆగేవాడే; ఆ సంగతి ఆయన ముఖంలోనే కనిపిస్తోంది. అక్క ఆయన దగ్గరికి నడిచి వెళ్లింది.

“ఆ గుంట అవతల మీ కూపు కాదు గదా?”

“కాదు. అటు ఎవరూ రారు.”

“అయితే ఇంక వీళ్లను ఆపొద్దండీ. మీరు మాట పడొద్దు. ఆ గూట్లో దారం అయిపోయేదాకా మాత్రం ఆ ఒక్క చెట్టు వదిలేయండి.” తర్వాత నా వైపు తిరిగింది. “నేనూ వస్తానురా. ఉద్యోగానికని కాదు. పెద్దమ్మగారికి ఉన్నది ఉన్నట్టు చెప్తా. అమ్మకీ చెప్తా. ఇన్నాళ్లూ ఆ గూడు అడ్డం పెట్టుకొని కూర్చున్నా.”

బావ ఆమె గుడ్డలసంచి తానే మోసుకొని బురద దాటించి పడవ ఎక్కించాడు. వచ్చే శనివారం వస్తానని ఆమె ముఖానికి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు. ఎల్లయ్య నన్ను కళ్లతోనే అడిగాడు. “పిట్టగూడు కోసం ఆపాడన్నా” అన్నాను. “అంతేనా?” అన్నాడు. కాసేపు గడ వేసి, “అంతే అయితే మంచిదేలే” అన్నాడు. గట్టు మీద పాక ఆవిడకు ముంత తిరిగి ఇచ్చి, మధ్యాహ్నం దాటాక సూళ్లూరుపేటలో బండి పట్టుకొని, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం.

అమ్మ ఏడ్చింది, బావను అన్నందుకు కూడా ఏడ్చింది. డాక్టరు గారు చూసి, పోయిన వినికిడి తిరిగి రాదనీ, ఇంతకంటే తగ్గకపోవచ్చనీ చెప్పారు. పెద్దమ్మగారు అంతా విని, ఖాళీ ఉన్న పెద్ద తరగతి ఇవ్వలేనన్నారు. రెండు రోజులు ఆలోచించుకొని, చాపల మీద కూర్చునే చిన్నపిల్లల తరగతి ఇచ్చారు. అక్కడ పిల్లలు పంతులమ్మ మీద పడే మాట్లాడతారు. ఏమన్నా అడగాలంటే ఎదుటికి వచ్చి గడ్డం పట్టుకొని అడుగుతారు. అంతా సాఫీగా ఉందని చెప్పను. కొన్ని సాయంత్రాలు అక్క ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటుంది. మర్నాడు మళ్లీ వెళ్తుంది. బావ శనివారాలు వస్తున్నాడు. గుంట అవతల కొత్త గూడు కనిపించిందా అని అక్క మొదటి శనివారమే అడిగింది. వెతకలేదన్నాడు ఆయన. వెతకనందుకు అక్క సంతోషించింది. మన కళ్ల ముందు ఉన్నదాన్ని కాపాడుతున్నామని అనుకుంటాం. అది మన చూపుకు అందనంత దూరం పోయి బతకడం కూడా మనం కోరుకోవలసిందేనని నాకు ఆ రోజుల్లో అనిపించింది. ఇంతకుమించి నేను నేర్చుకున్నదేమీ లేదు. ప్రూఫులు దిద్దుతూ కిటికీ బయట ఏ పిట్ట అరిచినా ఇప్పుడు పెన్ను ఆగుతుంది, అంతే.

మీరు ఆ అడవికి వెళ్లి గూడు ఏదైనా చూస్తే, దాని కిందికి పోకండి. దూరంగా ఒక చెట్టుకు ఆనుకొని కదలకుండా నిలబడండి. పిట్టలే మీకు కనిపిస్తాయి. మళ్లీ చూడాలనిపిస్తే వేరే వైపు నుంచి వెళ్లండి, నిన్నటి అడుగుల్లో అడుగు వేయకండి.